అందరం కలిసి ఒక సైట్ కొనాలంటే: బెంగళూరులో ఎక్కడ మొదలుపెట్టాలి, ఎక్కడ జాగ్రత్తపడాలి

మీ వీధి చివర ఒక్క సైట్ ఇంకా ఖాళీగా ఉంటుంది. సాయంత్రం పిల్లలు క్రికెట్ ఆడేది అక్కడే, ఉగాదికి షామియానా వేసేది అక్కడే, ఎవరింట్లోనైనా పెద్దవాళ్లు పోతే కుర్చీలు వేసేదీ అక్కడే. ఒకరోజు దాని మీద 'సైట్ మారాటక్కిదె', అంటే అమ్మకానికి ఉంది, అని బోర్డు పడుతుంది, ఏడాది తిరిగేసరికి అక్కడ నాలుగంతస్తుల పీజీ లేస్తుంది. మా లేఅవుట్‌లో ఇలా రెండు సైట్లు పోయాక మూడోదాన్ని మేమే కలిసి కొనుక్కున్నాం. మేం ఉండేది కేఆర్ పురం దాటి హొసకోట వైపు వెళ్లే దారిలో. అనంతపురం, మదనపల్లె, చిత్తూరు నుంచి వచ్చినవాళ్లం సగం మందిమి, మిగతావాళ్లలో కన్నడిగులు, తమిళులు, తరతరాలుగా ఇక్కడే ఉంటూ ఇంట్లో తెలుగే మాట్లాడే ఊరివాళ్లు. మొత్తం రెండేళ్ల నాలుగు నెలలు పట్టింది. మీకు అంత పట్టకూడదని ఇది రాస్తున్నాను.

డబ్బు పోగెయ్యడం కష్టమే, కాదనను. కానీ మమ్మల్ని రెండుసార్లు ఆపేసింది డబ్బు కాదు, 'ఎవరి పేరు మీద కొందాం?' అన్న ప్రశ్న. అందుకే మొదటే చెప్తున్నాను, ఒక్క రూపాయి వసూలు చెయ్యకముందే ఆ నేలను రేపు ఎవరూ, మీరు కూడా, మీ పిల్లలు కూడా, అమ్ముకోలేని విధంగా కాగితం రాసుకోండి. మిగతా పనులన్నీ దాని తర్వాతే.

ముందు అది నిజంగా కొనాల్సిన నేలేనా?

చాలామంది ఈ మెట్టు దాటేస్తారు. మీ లేఅవుట్‌కు అప్రూవ్డ్ ప్లాన్ ఉంటే దాని కాపీ తీసుకుని ఆ జాగా ఏ రంగులో ఉందో, ఏం రాసి ఉందో చూడండి. పార్కు అని ఉంటే దాన్ని ఎవరూ మీకు అమ్మలేరు, మీరు కొనకూడదు కూడా. పార్కులు, ఆటస్థలాలు కాపాడటానికి కర్ణాటకలో 1985 నుంచి ప్రత్యేకంగా చట్టం ఉంది, అక్కడ మీరు చెయ్యాల్సింది కొనడం కాదు, అర్జీ పెట్టి దాన్ని తిరిగి సాధించడం. సీఏ సైట్ అని ఉంటే, అంటే స్కూలుకో కమ్యూనిటీ హాలుకో వదిలిన జాగా అయితే, బెంగళూరు అభివృద్ధి సంస్థ (బీడీఏ) అలాంటివి సంఘాలకు లీజుకు ఇస్తుంది, కొనే ఖర్చులో చిన్న భాగంతో పని అయిపోవచ్చు. చెరువు గట్టు అయితే దారి మళ్లీ వేరు. సర్జాపుర రోడ్డులో కైకొండ్రహళ్లి చెరువును చుట్టుపక్కలవాళ్లు ఒక ట్రస్టుగా ఏర్పడి చూసుకున్నారు, దానికోసం ఎకరాలు కొననక్కర్లేకపోయింది.

ఫోన్‌లో దిశాంక్ యాప్ వేసుకుని ఆ సైట్ మధ్యలో నిలబడండి. మీరు నిలబడ్డ చోటి సర్వే నంబరు చూపిస్తుంది, ఆ నంబరు మీద ప్రభుత్వ భూమి, గోమాళం (పశువుల మేత భూమి), ఖరాబు (సాగుకు పనికిరానిదని రాసిన భూమి), రాజకాలువ (వాననీళ్లు పోయే పెద్ద కాలువ) లాంటివి ఏమైనా ఉన్నాయో తెలుస్తుంది. మేం మొదట మనసు పడ్డ సైట్ మూల మీదుగా రాజకాలువ గీత పోతోంది. అక్కడ నిలబడితే నీళ్లు లేవు, ఎండిన గడ్డి, ఒక పాత టైరు, అంతే. కానీ మ్యాపులో కాలువ కాలువే. ఆ రోజే దాన్ని వదిలేశాం. మీరు కూడా ఇలాంటి చోట 'ఎవరు పట్టించుకుంటారులే' అనుకోవద్దు, ఊరందరి డబ్బు అది.

విస్తీర్ణం విషయంలో మనవాళ్లకి ఒక చిన్న తికమక ఉంటుంది. మనం సెంట్లలో ఆలోచిస్తాం, ఇక్కడ గుంటల్లో మాట్లాడతారు. ఎకరానికి 40 గుంటలు, గుంట అంటే 1089 చదరపు అడుగులు, అంటే మన లెక్కలో రెండున్నర సెంట్లు. 40/60 సైట్ అంటే 2400 చదరపు అడుగులు, ఐదున్నర సెంట్లు. ఈ లెక్క చెప్పాకే మా వీధిలో పెద్దవాళ్లకి ఏం కొంటున్నామో అర్థమైంది.

ఎవరి పేరు మీద

అందరికీ మొదట తట్టేది, 'మన అన్న నమ్మకస్తుడు, ఆయన పేరు మీద పెట్టేద్దాం' అని. ఆ అన్న ఎంత మంచివాడైనా సరే, వద్దు. పదిమంది డబ్బుతో ఒకరి పేరు మీద ఆస్తి కొంటే అది బినామీ చట్టం కిందికి వచ్చే ప్రమాదం ఉంది. 1988 నాటి ఆ చట్టాన్ని 2016లో గట్టిగా సవరించారు, ఆస్తి ప్రభుత్వం స్వాధీనం చేసుకోవచ్చు, ఏడేళ్ల వరకు జైలు కూడా ఉంది. అది పక్కన పెట్టినా, ఆ అన్న రేపు అప్పుల్లో పడితే అప్పులవాళ్లు ఆ సైట్ మీదకే వస్తారు, ఆయన పోతే ఆయన పిల్లలు వారసులమని నిలబడతారు. ఆ పిల్లల తప్పేమీ ఉండదు, కాగితం అలా చెప్తోంది మరి.

రెండోది, అందరి పేర్లూ వేసి ఒకే డీడ్ రాయించుకోవడం. వినడానికి న్యాయంగా ఉంటుంది. కానీ ఉమ్మడి యజమానుల్లో ఏ ఒక్కరైనా, ఎప్పుడైనా, నా భాగం నాకు పంచండి అని కోర్టుకెళ్లొచ్చు. నలభై మంది పేర్లుంటే పదిహేనేళ్లలో ఆ నలభై కాస్తా వారసులతో కలిపి నూట ఇరవై అవుతుంది. 2400 అడుగుల్ని నూట ఇరవై మందికి పంచలేరు కాబట్టి చివరికి వేలం వేస్తారు. మేం మొదటి ఎనిమిది నెలలు వృథా చేసుకుంది ఈ ఆలోచన మీదే.

చివరికి మేం పట్టుకున్న దారి రిజిస్టర్డ్ సంఘం. కర్ణాటక సంఘాల రిజిస్ట్రేషన్ చట్టం, 1960 కింద కనీసం ఏడుగురు ఉంటే చాలు, సహకార శాఖ కింద ఉండే జిల్లా సంఘాల రిజిస్ట్రార్ దగ్గర నమోదు చేసుకోవచ్చు. సైట్ సంఘం పేరు మీద ఉంటుంది, సభ్యులు వస్తారు పోతారు, నేల కదలదు. సంఘం రద్దయినా ఆస్తిని సభ్యులు పంచుకోకూడదు, అలాంటి ఉద్దేశాలే ఉన్న ఇంకో సంఘానికి పోవాలి. కొంతమంది 'అయితే నాకు వాటా ఉండదా?' అని అడుగుతారు. ఉండదు. ఆ మాట మొదటి మీటింగులోనే సూటిగా చెప్పండి. మా దగ్గర అది విని తొమ్మిది కుటుంబాలు వెళ్లిపోయాయి. వాళ్లు రిజిస్ట్రేషన్ అయ్యాక వెళ్లి ఉంటే ఏమయ్యేదో ఊహించుకోండి.

బైలాస్‌లో, అంటే సంఘం నియమావళిలో, మేం పెట్టుకున్న మూడు మాటలు మీకు పనికొస్తాయి. ఎవరు ఎంత ఇచ్చినా ఒక కుటుంబానికి ఒకే ఓటు. ఊరు వదిలి వెళ్లిపోయేవాళ్లకు చందా తిరిగి రాదు, ఆ ఇంట్లోకి కొత్తగా వచ్చేవాళ్లు, అద్దెకు వచ్చినా సరే, చిన్న ప్రవేశ రుసుము కట్టి సభ్యులు కావచ్చు. ఇక అమ్మకం, తాకట్టు అన్న మాట ఎవరైనా ఎత్తితే ఆరు నెలల ఎడంతో రెండు సర్వసభ్య సమావేశాలు పెట్టాలి, రెండింటిలోనూ పదింట తొమ్మిది వంతుల సభ్యులు ఒప్పుకోవాలి. అద్దెకున్నవాళ్ల సంగతి మీద మాత్రం పెద్ద గొడవే అయింది. పాల ప్యాకెట్లు వేసే అబ్బాయి లేచి, 'పన్నెండేళ్లుగా ఈ వీధిలోనే ఉన్నాను, ఇల్లు కొనలేకపోయాను కాబట్టి నా పిల్లలు ఆ సైట్‌లో ఆడకూడదా అన్నా?' అని అడిగాడు. ఆ తర్వాత ఇక ఎవరూ వాదించలేదు.

'అమ్మకూడదు' అన్న మాట మీద ఇంత పట్టుదల ఎందుకంటే, ఇది మన నేల నేర్పిన పాఠం. 1951 ఏప్రిల్ 18న పోచంపల్లిలో దళిత కుటుంబాలు 80 ఎకరాలు కావాలని వినోబా భావేను అడిగితే అక్కడి భూస్వామి వెదిరె రామచంద్రారెడ్డి 100 ఎకరాలు ఇస్తానన్నారు, భూదానం అక్కడ పుట్టింది. అయితే మనిషికింత అని పంచిన భూమి కష్టకాలంలో అప్పులవాడి చేతికి జారిపోవచ్చు, అందుకే తర్వాత గ్రామదానం వచ్చింది, నేల ఊరుమ్మడిది, సాగు చేసుకునే హక్కు మనిషిది. ఆ ఆలోచన సముద్రాలు దాటి అమెరికాలో జార్జియా దాకా పోయింది, 1969లో అక్కడి నల్లజాతి ఉద్యమకారులు న్యూ కమ్యూనిటీస్ అని వేల ఎకరాలతో మొదలుపెట్టిన ఉమ్మడి భూమి ట్రస్టుకు గ్రామదానం కూడా ఒక స్ఫూర్తి. ఆ భూమి 1985లో అప్పుల వల్ల చేజారింది. అందుకే చెప్తున్నాను, ఆ సైట్ తాకట్టు పెట్టి లోన్ మాత్రం తీసుకోకండి.

డబ్బు అడగకండి, హామీ అడగండి

మొదటి మూడు నెలలు ఎవరి దగ్గరా నగదు ముట్టుకోకండి. ఒక పేజీ హామీ పత్రం అచ్చు వేయించండి, కన్నడంలో, తెలుగులో, రెండూ ఉంటే మంచిది. 'ఫలానా సైట్ కాగితాలు లాయరు సరే అన్నాక, సంఘం రిజిస్టర్ అయ్యాక, నేను ఇంత ఇస్తాను' అని రాసి సంతకం. మీకు నిజంగా ఎంత బలం ఉందో ఈ కాగితాలు కలిపి చూస్తే తెలుస్తుంది. వాట్సాప్ గ్రూపులో బొటనవేళ్లు లెక్కపెట్టుకుంటే మాత్రం మోసపోతారు, మా గ్రూపులో 'నేను రెడీ' అన్నవాళ్లు నూట అరవై మంది, హామీ పత్రం మీద సంతకం పెట్టింది డెబ్భై ఒక్కరు. ఇంటికి వెళ్లి తలుపు కొట్టాక మళ్లీ నూట ముప్పై దాటారు. ఆదివారం పొద్దున పది నుంచి పన్నెండు, ఇద్దరిద్దరుగా వెళ్లండి, అందులో ఒకరు కన్నడం బాగా వచ్చినవాళ్లు ఉండాలి. ఇది 'తెలుగోళ్ల సైట్' అన్న పేరు పడితే ఆ రోజే చెడిపోతుంది, ఇది వీధిది.

లెక్క ఇలా వేసుకోండి. సైట్ 90 లక్షలు అనుకుంటే, లక్ష ఇచ్చేవాళ్లు పాతికమంది, యాభై వేలు ఇచ్చేవాళ్లు అరవై, పాతిక వేలవాళ్లు వంద, ఐదు వేలవాళ్లు రెండు వందలు, మొత్తం 90 లక్షలు వస్తుంది. మీ వీధిలో ఈ మెట్లలో ఏది ఖాళీగా ఉందో చూసుకుంటే ఎవరింటికి వెళ్లాలో తెలుస్తుంది. చిన్న మెట్టుని తక్కువ చెయ్యొద్దు. మా వీధి మొదట్లో పూలు కట్టే ఆవిడ ఐదు వందల హామీ రాసి, నెలనెలా వంద చొప్పున తానే తెచ్చిచ్చింది, ఐదో వంద నోటు ఇచ్చిన రోజు రశీదు మీద తన పేరు సరిగ్గా రాశామో లేదో కూతురితో చదివించుకుంది. ఆ రశీదు పుస్తకం చూపిస్తే చాలు, లక్ష ఇవ్వాల్సినవాళ్లు ఇక వాయిదా వెయ్యలేదు.

హామీలు చాలినంత అయ్యాకే సంఘం పాన్ మీద బ్యాంకు ఖాతా తెరవండి, ముగ్గురిలో ఇద్దరి సంతకం తప్పనిసరి చెయ్యండి. ప్రతి రూపాయికి రశీదు, ప్రతి నెలా లెక్క నోటీసు బోర్డు మీద. ఇది చీటీ కాదు, వడ్డీ గానీ లాభం గానీ ఇస్తామని నోటితో కూడా అనొద్దు, అనుమతి లేకుండా డిపాజిట్లు సేకరించడాన్ని 2019 నుంచి కేంద్ర చట్టం నిషేధించింది.

అమెరికాలో ఉన్న అన్నయ్యలు, అక్కయ్యలు పంపిస్తామంటారు. ఇక్కడ ఒక్క విషయం చూసుకోండి. భారత పాస్‌పోర్టు ఉన్నవాళ్లు తమ సొంత సంపాదన బ్యాంకు ద్వారా పంపితే అది విదేశీ విరాళం లెక్కలోకి రాదు. అక్కడి పౌరసత్వం తీసుకుని ఓసీఐ కార్డు మీద ఉన్నవాళ్ల డబ్బు మాత్రం విదేశీ విరాళమే, విదేశీ విరాళాల చట్టం (ఎఫ్‌సీఆర్ఏ) కింద అనుమతి లేకుండా సంఘం తీసుకోకూడదు. మా అత్తగారి తమ్ముడు పెద్ద మొత్తమే ఇస్తానన్నారు, మర్యాదగా వద్దన్నాం.

కాగితాలు

ఇక్కడ తొందర పడితే అంతా పోతుంది. మంచి లాయరుకి ఇచ్చే ఫీజు దగ్గర పిసినారితనం వద్దు, అమ్మేవాళ్లకి గానీ బ్రోకరుకి గానీ తెలిసిన లాయరు అసలే వద్దు. చూడాల్సినవి: మదర్ డీడ్ (ఆస్తికి మూలమైన మొదటి పత్రం) నుంచి ఇప్పటిదాకా వరసగా అన్ని డీడ్లు, కనీసం 30 ఏళ్ల ఈసీ (ఆస్తి మీద జరిగిన అమ్మకాలు, తాకట్లు చూపించే ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్), వ్యవసాయ భూమిగా ఉన్న రోజుల పహాణీలు, మ్యుటేషన్లు, ఇళ్ల స్థలంగా మార్చిన కన్వర్షన్ ఆర్డరు, లేఅవుట్ అప్రూవల్, ఖాతా (నగర పాలక సంస్థ పన్ను రికార్డులో ఆస్తి నమోదు), పన్ను రశీదులు. ఈసీ రిజిస్ట్రేషన్ శాఖ వాళ్ల కావేరి వెబ్‌సైట్‌లో తీసుకోవచ్చు, బాగా పాతవాటికి సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకి వెళ్లాల్సి ఉంటుంది. బెంగళూరు నగర పరిధిలో 2024 అక్టోబరు నుంచి ఈ-ఖాతా లేకుండా రిజిస్ట్రేషన్ కావడం లేదు. ఏ ఖాతానా (అనుమతులన్నీ సరిగ్గా ఉన్నది), బీ ఖాతానా (అనుమతుల్లో లోపం ఉన్నది) అడగండి, లేఅవుట్ అనుమతి లేకుండా వ్యవసాయ భూమిని ముక్కలు చేసిన రెవెన్యూ సైట్ అయితే ధర తక్కువగా ఉంది కదా అని పడిపోకండి. ఇంకోటి, ఆ సర్వే నంబరు ఒకప్పుడు ఎస్సీ, ఎస్టీ కుటుంబాలకు ప్రభుత్వం ఇచ్చిన భూమి కాదు కదా అని చూడండి. 1978 నాటి పీటీసీఎల్ చట్టం ప్రకారం ప్రభుత్వ అనుమతి లేకుండా అలాంటి భూమి చేతులు మారకూడదు, ఎన్ని చేతులు మారినా ఆ కుటుంబం తిరిగి అడగొచ్చు. అలా అడిగితే న్యాయం వాళ్ల వైపే ఉంటుంది, మనం ఆ పక్కన నిలబడకూడదు.

అన్నిటికన్నా ఎక్కువగా చూడాల్సింది వంశవృక్షం. మేం కొందామనుకున్న రెండో సైట్ ఇక్కడే ఆగిపోయింది. తండ్రి ఆస్తి, ముగ్గురు కొడుకులు సంతకాలకు సిద్ధం, కాగితాల్లో అంతా శుభ్రం. మాలో ఒకావిడకి మాత్రం అనుమానం వచ్చి ఆ ఇంటి కోడలితో మాటల్లో పెట్టి, చింతామణిలో ఒక ఆడపడుచు ఉందని తెలుసుకుంది. మేం నలుగురం ఆదివారం బస్సెక్కి వెళ్లాం. అరవై దాటిన ఆవిడ, అరుగు మీద చింతపండు గింజలు తీస్తూ కూర్చుని ఉంది. విషయం చెప్తే చేతిలో పని ఆపకుండానే, 'నా సంతకం ఎవురూ అడగలేదే నాయనా, మా నాయన అంటిచ్చిన మామిడిచెట్టు ఉండిందా ఆడ ఇంకా?' అంది. చెట్టు లేదు. ఉమ్మడి కుటుంబపు పిత్రార్జిత ఆస్తిలో కూతుళ్లకు హిందూ వారసత్వ చట్టం 2005 సవరణతో సమాన హక్కు వచ్చింది, ఆ హక్కు పుట్టుకతోనే వస్తుందని 2020 ఆగస్టులో సుప్రీంకోర్టు తేల్చేసింది. అన్నదమ్ములు ఆవిడకి భాగం ఇవ్వడానికి ఒప్పుకోలేదు, మేం ఆవిడ సంతకం లేకుండా కొనడానికి ఒప్పుకోలేదు. అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు కాబట్టి బయటపడ్డాం.

అందుకే ఎవరెవరు అక్కచెల్లెళ్లో నోటితో అడగండి, ఇంటికి వెళ్లి కలవండి. ఆ తర్వాత ఒక కన్నడ పేపర్లో, ఒక ఇంగ్లిష్ పేపర్లో పబ్లిక్ నోటీసు వేయించండి. లైసెన్సు ఉన్న సర్వేయరుతో కొలిపించండి, చెక్కుబందీలో రాసిన నాలుగు హద్దులూ నేల మీద అక్కడే ఉన్నాయో లేదో మీ కళ్లతో చూడండి. చివరికి మేం కొన్న సైట్‌లో తూర్పు హద్దురాయి పక్కింటి మెట్ల కింద దొరికింది, అడుగున్నర లోపలికి. పక్కింటాయన తానే మెట్లు తీయించాడు, కానీ అది కొనకముందు కాబట్టి స్నేహంగా జరిగింది.

బేరం, రిజిస్ట్రేషన్

బేరానికి ఇద్దరే వెళ్లండి. పదిమంది వెళ్తే పది ధరలు బయటికొస్తాయి. అమ్మేవాళ్లు కొంత బ్లాక్‌లో ఇమ్మంటారు, దాదాపు ప్రతి ఒక్కరూ అడుగుతారు. సంఘానికి అది కుదరదు, ప్రతి రూపాయికీ లెక్క ఉంది. అడ్వాన్సు కూడా 20,000 రూపాయలు, ఆపైన నగదుగా తీసుకోకూడదని ఆదాయపు పన్ను చట్టమే చెప్తుంది. దీనివల్ల మేం రెండు లక్షలు ఎక్కువే ఇచ్చాం, పూర్తిగా చెక్కుల్లోనే.

ధర మాట్లాడుకునేటప్పుడు పై ఖర్చులు మరిచిపోకండి. స్టాంపు డ్యూటీ 5 శాతం, సెస్సు, సర్‌చార్జీ కలిపి నగరంలో 5.6 దాకా వస్తుంది. రిజిస్ట్రేషన్ ఫీజు 2025 ఆగస్టు 31 నుంచి 1 శాతం కాదు, 2 శాతం. అంటే 90 లక్షల సైట్‌కు 6 లక్షల 84 వేలు ఇవే, లాయరు, సర్వే, కంచె వేరు. ధర 50 లక్షలు, ఆపైన ఉంటే అమ్మేవాళ్లకిచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ పట్టుకుని ఆదాయపు పన్ను శాఖకు కట్టాల్సింది కొనేవాళ్లే, అంటే సంఘమే. సంఘం తరఫున సంతకం పెట్టేది ఎవరో కమిటీ తీర్మానం రాసి, ఆ కాపీ వెంట తీసుకెళ్లండి. అగ్రిమెంటులో గడువు కనీసం ఆరు నెలలు పెట్టించుకోండి, హామీలు డబ్బుగా మారడానికి మాకు ఐదు నెలలు పట్టింది.

కొన్నాక

రిజిస్ట్రేషన్ అయిన నెలలోనే ఖాతా సంఘం పేరు మీదకు మార్చుకోండి. 2025 సెప్టెంబరులో నగరమంతటికీ ఒకటే ఉన్న బీబీఎంపీ పోయి ఐదు పాలికెలు, అంటే నగర పాలక సంస్థలు, వచ్చాయి కాబట్టి మీ సైట్ ఏ పాలికె కిందికి వస్తుందో చూసుకుని అక్కడే అర్జీ ఇవ్వండి, మాది తూర్పు. ఆస్తి పన్ను ఎవరు కట్టాలో పేరు రాసి పెట్టండి. ప్రతి ఏడాది ఆడిట్ లెక్కలు, కమిటీ జాబితా సంఘాల రిజిస్ట్రార్‌కు ఇవ్వడం మానేయకండి, చాలా సంఘాలు మూలపడేది ఇక్కడే. సైట్‌లో ఏం చెయ్యాలన్నది మొదటి ఏడాది తేల్చకండి, కంచె వేసి, ఒక కొళాయి పెట్టి, రెండు కానుగ మొక్కలు నాటి వదిలెయ్యండి. పిల్లలు ఎక్కడ ఆడుతున్నారో, పెద్దవాళ్లు ఏ నీడన కూర్చుంటున్నారో చూశాక ప్లాన్ గియ్యండి.

కంచె వేసిన రోజే బోర్డు పెట్టండి. 'ఈ స్థలం సంఘానిది, అమ్మకానికి లేదు' అని కన్నడంలో పైన, తెలుగులో కింద, సంఘం రిజిస్ట్రేషన్ నంబరుతో సహా. ఖాళీ సైట్లను దొంగ కాగితాలతో అమ్మేసేవాళ్లు ఉన్న ఊరు ఇది. బోర్డు ఉంది కదా అని ఊరుకోకుండా ఏడాదికోసారి, ఉగాది ముందు వారం, కావేరిలో ఈసీ కొత్తగా తీసి సర్వసభ్య సమావేశంలో పైకి చదవండి. మా సమావేశంలో దాన్ని చదివేది పూలు కట్టే ఆవిడ కూతురు, ఇప్పుడు పీయూసీ రెండో ఏడాది.